మూడింటి మెలకువ

గిద్దలూరు నుంచి వచ్చిన స్వర్ణలత వదిన చెప్పులైనా విడవకుండా నేరుగా గల్లాపెట్టె దగ్గరికి పోయి, అక్కడ కూర్చున్న మా మామగారి కంటి కింది చర్మాన్ని బొటనవేలితో లాగి చూసింది.

"రాత్రి ఎంతసేపు పండుకున్నావు నాయనా?"

"పండుకోవాల్సినంత."

"లేసిందెప్పుడు?"

"లేవాల్సినప్పుడు."

"ఎగతాళొద్దు. మూడింటికేనా?"

మామగారు కన్ను నులుముకుంటూ, "నీ వేలికి ఏం పూసుకోనొచ్చినావే, మండుతాంది!" అన్నారు.

దారిలో బస్సు కంభంలో ఆగితే వదిన మసాలా బొరుగులు కొనుక్కుని తిన్నదట. ఆ కారం. ఆ కన్ను మధ్యాహ్నం దాకా ఎర్రగానే ఉంది. దాన్ని చూసి కూడా వదిన "చూడు, నిద్రలేక ఎట్ల ఎర్రబడిందో" అంది.

మాది పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద హోటల్. కింద హోటలూ మామగారి గదీ, పైన మేమూ. శ్రీశైలం పోయే అడవిదారికి రాత్రిళ్ళు గేటు వేసేస్తారు, మళ్ళీ తెల్లవారాకే తీస్తారు. ఈలోపల వచ్చిన కార్లూ బస్సులూ మా ఇంటి ముందు దాకా బారులు తీరి ఆగుతాయి. శాలువాల్లో ముడుచుకున్న జనం దిగి, టీ ఎక్కడ, ఇడ్లీ ఎక్కడ అని చూస్తారు. గేటు తీశారంటే ఇక ఒక్కరూ మావైపు తల తిప్పరు. గేటు మూసి ఉన్నంతసేపే మా వ్యాపారం.

ఆ వేళకు ఇడ్లీ ఉడకాలంటే ఎవరో ఒకరు మూడింటికి లేచి పొయ్యి వెలిగించాలి. రోడ్డు మీది మిగతా హోటళ్ళవాళ్ళు అందుకోసం అలారాలు పెట్టుకుంటారు, లేపడానికి మనిషిని పెట్టుకుంటారు. మాకు మామగారున్నారు. రాత్రి ఏడు కొట్టేసరికి ఆయనకు కళ్ళు మూతలు పడతాయి. మూడింటికి ఎవరో తట్టినట్టు తెరుచుకుంటాయి. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆయన కూడా అందరిలాగే లేచేవారు. యాభై దాటాక ఏడాదికింత ముందుకు జరిగి జరిగి ఇక్కడికొచ్చింది. మా ఆయన శ్రీకాంత్ పొద్దెక్కాక గాని లేవడు కనుక మధ్యాహ్నం భోజనాలూ సాయంత్రం దోసెలూ ఆయన వంతు. నేను తెల్లవారుజామున కిందికి దిగి చట్నీ రుచి చూసి, ఇడ్లీ ఒకటి విరిచి చూసి, బాగుంటే ఊరుకుంటాను. బాగుందని నేను చెప్పననీ, బాగాలేకపోతే మాత్రం చెబుతాననీ మామగారు అందరితో అంటుంటారు.

ఆ రోజు అన్నాల దగ్గర వదిన అసలు మాట బయటపెట్టింది.

"ఈసారి నాయన్ని నాతో తీసకపోతా. డెబ్బై రెండేండ్ల మనిషి నిద్రలేక ఆ పొయ్యి కాడ తూలి పడేదాకా చూస్తారా మీరు?"

"నేనెప్పుడు తూలినానే?" అన్నారు మామగారు. "గిద్దలూరు వస్తే మూడింటికి లేసి ఏం చేయాల నేను? మీ ఇంటి గోడలు లెక్కబెట్టాల్నా?"

"మూడింటికి లేయడమే రోగం అంటున్నా. మంచి నిద్ర అంటే తెల్లారేదాకా కదలకుండా పండుకోవాల. ఫోన్లో అందరూ అదే చెప్తున్నారు."

"ఫోన్లో చెప్పేవాళ్ళు ఎప్పుడు లేస్తారో అడిగినావా?"

వదిన నవ్వలేదు. మామూలుగా తండ్రి మాటకు ముందు నవ్వేది తనే. అది నాకు వింతగా తోచింది.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వదిన వారం రోజులుండి తండ్రి నిద్ర బాగుచేస్తుంది. ఆయన తెల్లవారేదాకా పడుకుంటే దోర్నాలలోనే ఉండొచ్చు. లేదంటే సంచి సర్దుకుని కూతురి వెంట గిద్దలూరు బస్సెక్కాలి. మామగారు సరే అనేశారు. ఆ పొయ్యి ముందర నుంచి ఆయన్ని కదిలించే మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అన్నది కూతురు కాబట్టి కాదనలేకపోయారు.

"అంతా బానే ఉంది గాని అక్కా," అన్నాడు మా ఆయన, "నాయన తెల్లారేదాకా పండుకుంటే పొయ్యి ఎవరు వెలిగించేది?"

"నువ్వు."

ఆయన గొంతులో ముద్ద అడ్డం పడింది. నీళ్ళు అందించాను.

వదిన వైద్యం ఆ సాయంత్రమే మొదలైంది. మామగారికి మధ్యాహ్నం తరవాత టీ బంద్. ఏడింటికి కళ్ళు మూయనివ్వకుండా మేడ మీద టీవీ ముందు కూర్చోబెట్టి, లైట్లన్నీ వేసి, పక్క కుర్చీలో తను కాపలా కూర్చుంది. కాసేపటికి నేను పాలు తీసుకుని పోయాను. టీవీలో ఎవరో అత్తాకోడళ్ళు అరుచుకుంటున్నారు, వినేవాళ్ళు లేరు. తండ్రీ కూతుళ్ళిద్దరూ నిద్రలో ఉన్నారు. ఇద్దరి మెడలూ ఎడమవైపుకే వాలి ఉన్నాయి. ఇద్దరి నోళ్ళూ ఒకే కొలతలో తెరుచుకుని ఉన్నాయి.

గ్లాసు చప్పుడుకు వదిన ఉలిక్కిపడి లేచింది. "బస్సు కుదుపులకి ఒళ్ళు హూనమైపోయింది నాగా."

మర్నాడు సాయంత్రం తలనొప్పి అంది. ఆ మర్నాడు టీవీలో ఏమీ బాగాలేదంది. మూడు రోజులూ మామగారి కంటే ముందు నిద్రపోయింది తనే. ఆడపడుచు నిద్రపోతే కోడలు లెక్క రాసుకుంటుందనే మాట నాకెందుకు?

మామగారు మాత్రం ఎప్పటిలాగే మూడింటికి లేచి, కూతురికి వినపడకుండా ఇడ్లీ గిన్నె మూత కింద గుడ్డ వేసి మరీ పని చేసుకున్నారు. అయినా పట్టుబడ్డారు. ఎలా పట్టుబడ్డారో అప్పుడు నాకు తట్టలేదు. నిద్రపోతున్న మనిషికి గుడ్డ మీద పెట్టిన మూత చప్పుడు ఎలా వినపడుతుంది?

నాలుగో రాత్రి వదిన ఆయనకు మాత్ర ఇచ్చింది. నాకు తెలిసేసరికే ఆయన మింగేశారు.

"ఏం మాత్ర వదినా అది? ఎవరికి రాసిచ్చింది?"

"ఎవరికి రాస్తే ఏంది, నిద్రమాత్ర నిద్రమాత్రే."

"వయసైనవాళ్ళకి అట్ల..."

"మింగినా కదమ్మాయ్," అన్నారు మామగారు చాప సర్దుకుంటూ. "ఒక పొద్దు దాని మాట చెల్లనీ. తెల్లారేదాకా పండుకుంటే నన్ను ఇక్కడే ఉండనిస్తుంది కదా."

మర్నాడు బండ్ల హారన్లకు నాకు మెలకువ వచ్చింది. మొదట గుర్తొచ్చింది మాత్ర. మెట్లు రెండేసి దిగి మామగారి గదిలోకి పరిగెత్తాను. చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. దగ్గరగా వంగి చూశాను. ఊపిరి నిండుగా ఆడుతోంది, సన్నగా గురక కూడా ఉంది. నా గుండె కుదుటపడింది. ఆ వెంటనే రెండో సంగతి గుర్తొచ్చింది. బయట బండ్ల బారు ఉంది, పొయ్యి చల్లగా ఉండి ఉంటుంది.

కాని వంటగదిలో దీపం వెలుగుతోంది. కొంగు బిగించి వదిన ఇడ్లీ రేకులు దించుతోంది.

నన్ను చూసి తడబడింది. "నువ్వు మెట్లు దిగే చప్పుడుకి లేసినా. నాయన లేసినట్టు లేదని పొయ్యి అంటించినా."

నేను చుట్టూ చూశాను. పెద్ద డబ్బాలో ఇడ్లీలు సగానికి పైగా ఉన్నాయి. ఒక వాయితో అన్ని రావు. చట్నీ మీద తాలింపు చల్లారి నూనె అంచుకు చేరింది. మూలన వేరుశనక్కాయల పొట్టు చిమ్మి కుప్పగా పెట్టి ఉంది.

"వదినా, శనక్కాయల పొట్టు ఎప్పుడు ఊదినావు?"

"ఇప్పుడే."

"వేయించినవి చల్లారనిదే పొట్టు రాదు కదా."

వదినకు ఇడ్లీ రేకు మీద తడిగుడ్డ పరచడం ఎంతకీ పూర్తి కాలేదు. ఇంతలో పక్కన పంక్చర్ల దుకాణం ఇమాం సాహెబ్ తన స్టీలు గ్లాసుతో టీకి వచ్చాడు. ఆయనకు మా ఇంటి పిల్లలంతా చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఏందమ్మా స్వర్ణా! బడికి పోయేటప్పుడు మొహాన నీళ్ళు కొడితే గాని లేయకపోతివి. ఈ పొద్దు నేను నమాజుకి లేసి చూస్తే నువ్వు అప్పటికే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా వేసి ఉంటివి! ఏం, గిద్దలూరు నీళ్ళ మహిమా?"

"నీ టీ ఏదో తాగి పో మామా," అంది వదిన.

ఇక మాట్లాడే తీరిక లేకపోయింది. ఒక బస్సు జనం మొత్తం ఒక్కసారే లోపలికి వచ్చారు. వదిన వడ్డించింది, నేను పొట్లాలు కట్టాను, ఇమాం సాహెబ్ టీ గ్లాసులు అందించాడు. మా ఆయన కూడా కళ్ళు నులుముకుంటూ దిగి వచ్చి, అక్కను పొయ్యి దగ్గర చూసి, మళ్ళీ పైకి పోదామా అన్నట్టు మెట్ల వైపు చూశాడు. నేను చూసిన చూపుకు ఆగిపోయి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

గేటు తీశారు. బండ్లన్నీ ఒకదాని వెంట ఒకటి కదిలిపోయి రోడ్డు బోసిపోయింది. వదిన బియ్యం బస్తా మీద కూలబడింది. నేను రెండు టీలు పోసి తెచ్చి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"రెండేండ్లు దాటింది." గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "మూడింటికి టక్కుమని మెలకువ. మళ్ళీ నిద్ర రాదు. మిషన్ తొక్కితే వాడకట్టంతా లేసి కూసుంటుందని చీకట్లో కాజాలు కుట్టుకుంటా. మీ అన్నకు కూడా చెప్పలా."

వదినది గిద్దలూరులో చిన్న టైలరింగ్ దుకాణం. ఈమధ్య పండగల ముందు కూడా జాకెట్లు ఒక్కటీ ఆలస్యం కావడం లేదని తను గొప్పగా చెప్పడం నాకు గుర్తొచ్చింది.

"చెప్తే ఏం?"

"ఏమని చెప్పాల? మా జేజికి వచ్చిందే నాకూ వచ్చిందనా?"

జేజి అంటే మామగారి తల్లి రంగనాయకమ్మ. నేను ఆమెను చూడలేదు. వదిన చెప్పింది. ఆమె మూడింటికి లేచి ఇంట్లో తిరిగేదట. ఆఖరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. ఒక తెల్లవారుజామున చిమ్నీ దీపం పట్టుకుని అడవి గేటు దాకా నడిచిపోతే ఫారెస్టు జవాన్లు చెయ్యి పట్టుకుని తెచ్చి ఇంట్లో దించారు.

"నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, 'ఎవరమ్మా నువ్వు, ఎవరింటి పిల్లవి' అని అడిగింది నాగా. నాకప్పుడు పదేండ్లు. తరవాత నాయన మూడింటికి లేయడం మొదలుపెట్టినాడు. ఇప్పుడు నేను. వరస కనిపిస్తానే ఉంది కదా. పక్కింటామెకు రాసిచ్చిన మాత్రలు కొన్నాళ్ళు మింగి చూసినా. పొద్దున్నే మత్తు. ఒక పెండ్లికూతురి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టినా!"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను గాని ఆపుకున్నట్టు తెలిసిపోయింది. వదిన కూడా నవ్వి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది.

"నాయనకు ఆగిపోతే, నాకూ ఆగుతుందని అనుకున్నా," అంది.

నేను మార్కాపురంలో డిగ్రీ జువాలజీతో చదివాను. ఆ చదువులో బఠాణీ మొక్కల పాఠం ఒకటి గుర్తుంది. ముడతల గింజలూ నున్నటి గింజలూ తరాలు దాటి ఎలా వస్తాయో అందులో ఉంటుంది. కాని ముడతలు పడిన గింజ పుచ్చు గింజ అని ఆ పాఠంలో ఎక్కడా చెప్పినట్టు గుర్తులేదు. ఆ మాట వదినతో అనలేదు. పాఠంతో తగ్గే భయం కాదది. డాక్టరు నోటి నుంచి రావాలి.

ఎండ గోడ మీదికి ఎక్కాక మామగారు లేచారు. గుమ్మం పట్టుకుని, మత్తుగా, ముందు అడిగింది ఒకటే మాట.

"పొయ్యి?"

"వెలిగింది మామయ్యా."

"ఎవరు?"

నేను వదిన వైపు చూశాను. మామగారు కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసి, వచ్చి చట్నీ గిన్నెలో వేలు ముంచి నాక్కున్నారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం మార్కాపురం పోయి డాక్టర్ హెలెన్ దగ్గర కూర్చున్నాం. నా తొలి కాన్పు చూసింది ఆమే. మామగారు తనకేమీ లేదంటూనే వచ్చారు. కూతురి భయం ఏమిటో నేను దారిలో చెప్పాక బస్సు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు మొదట మాత్ర సంగతి విని గట్టిగా కోప్పడింది. "ఒకరికి రాసింది ఇంకొకరు మింగడమే తప్పు. ఈ వయసులో ఆ మత్తులో లేచి పడి తుంటి విరిగితే? ఇంకోసారి చేస్తే నా గడప తొక్కొద్దు." వదిన బడిపిల్లలా తలూపింది. తరవాత డాక్టరు వదినను ఏవేవో అడిగింది. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంది. లెక్కలు వేయించింది. గడియారం బొమ్మ గీయించింది. వదిన అన్నీ చెప్పి, చివర్లో ఆగలేక, "మీ జాకెట్టు కుడి భుజం అర అంగుళం దిగింది మేడం, ఎవరు కుట్టినారు?" అంది.

"నీ బుర్రకేం ఢోకా లేదులే," అంది డాక్టరు భుజం సర్దుకుంటూ.

"మరి మా జేజి?"

దానికి మామగారే జవాబు చెప్పారు. "మా యమ్మ మూడింటికి లేయడం నువ్వు పుట్టకముందు సంగతి స్వర్ణా. నాకు పెండ్లి కాకముందు నుంచే లేస్తా ఉండె. లేసి చల్ల చిలికి, జొన్నలు విసిరి, కూలోళ్ళకి సంగటి వండేది. మతి పోయింది పక్షవాతం వచ్చినాకనే. నువ్వు ఆ రెండేండ్లే చూసినావు. ముందర ముప్పై ఏండ్లు చూసినోణ్ణి నన్ను అడగకపోతివి."

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. వయసు పెరిగే కొద్దీ అందరికీ నిద్ర పలచబడుతుందనీ, చాలామందికి కాస్త ముందుకు జరుగుతుందనీ చెప్పింది. ఎవరికి ఎంత జరుగుతుందనేది కొంత అలవాట్ల వల్ల, కొంత పుట్టుకతో. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, దాని నడక తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కొన్ని కుటుంబాల్లో అది బాగా తొందర గడియారం.

"మీ ఇద్దరికీ ఆ ముక్కు ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే వచ్చినట్టుంది," అంది. "మతిమరుపు వచ్చినవాళ్ళకు నిద్ర చెదరడం ఉంది, కాదనను. కాని పెందలాడే లేచే ప్రతివాళ్ళకూ మతిమరుపు వస్తుందని ఎక్కడా లేదు. పెద్దాయన ఎన్నింటికి పడుకుంటారు?"

"ఏడుకి," అన్నాను నేను.

"ఏడు నుంచి మూడు. లెక్కపెట్టమ్మా."

వదిన వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎనిమిదో వేలు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడూ ఎనిమిదే.

"పండుకోవాల్సినంత పండుకున్నా అని వచ్చినరోజే చెప్పినా కదే నీకు!" అన్నారు మామగారు. "కంట్లో కారం కొట్టింది మేడం, ఇది!"

నిద్ర తక్కువైంది నిజానికి వదినకే. రాత్రి పది దాకా ఇంటి పనంటూ కళ్ళు బలవంతంగా తెరిచి ఉంచుతోంది, మూడింటికి ఒళ్ళు లేపేస్తోంది. పెందలాడే తిని నిద్ర వచ్చినప్పుడే పడుకోమనీ, మెలకువ ఇంకాస్త ఆలస్యం కావాలంటే సాయంత్రం వెలుతురులో నడవమనీ డాక్టరు చెప్పింది. మామగారి గురకలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, పగలు కునికినా వెంటనే తీసుకురమ్మని నాకు చెప్పింది.

మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సే ముందు వచ్చింది. వారం ఇంకా పూర్తి కాలేదు. దోర్నాలలో ఉన్న బట్టలు ఎవరితోనైనా పంపమంది వదిన. సీటులో కూర్చుని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. తండ్రిని తీసుకుపోయే మాట ఎవరూ ఎత్తలేదు.

"నాయనా, పొయ్యి కాడ నిలబడొద్దు. స్టూలు వేసుకో."

"నువ్వు ఉప్పు చూసి వేసుకో."

బస్సు కదిలింది.

మర్నాడు తెల్లవారుజామున కింది నుంచి మాటలు వినపడి నాకు మెలకువ వచ్చింది. దొంగలేమోనని మెట్ల దాకా పోయాను. మామగారు స్టూలు మీద కూర్చుని రేకుల్లో పిండి పోస్తున్నారు. పప్పుడబ్బా మీద ఆనించిన ఫోన్లోంచి వదిన గొంతు వస్తోంది. కొమరోలులో ఎవరిదో బోరు ఎండిపోయిందట. గిద్దలూరులో ఎవరో పెండ్లికూతురు జాకెట్టు మెడ మూడుసార్లు మార్పించిందట. అక్కడ కాజాలు, ఇక్కడ ఇడ్లీలు. ఇన్నాళ్ళూ ఇద్దరూ అదే వేళకు లేచి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒంటరిగా కూర్చున్నారు.

ఆ మాటలు రోజూ సాగాయి. ఇమాం సాహెబ్ గ్లాసుతో వచ్చి ఆయనా ఓ మాట వేసేవాడు. మా పుట్టింటివైపు అందరిదీ ఆలస్యంగా లేచే వంశం. నాకు ఆ వేళలో నిద్రే ముఖ్యం. వారం ఓర్చుకుని ఒకరోజు మెట్ల మీది నుంచే అన్నాను.

"మామయ్యా, మీ వంశానికి ఒక దండం. ఆ తలుపు దగ్గరికేసి మాట్లాడుకోండి."

"విన్నావా స్వర్ణా, మీ మరదలు తిడతాంది!"

"తిట్టనీలే నాయనా. ఉప్పు చూసినావా?"

మొన్న నేను దిగేసరికి మా ఆయన వంటగది గడప మీద కూర్చుని ఉన్నాడు. వచ్చే నెలకు ఆయనకు నలభై తొమ్మిది నిండుతాయి. నన్ను చూడగానే, "వీళ్ళ మాటలకి ఇప్పుడే మెలకువ వచ్చింది," అన్నాడు.

తలుపు దగ్గరికేసే ఉంది. ఫోన్ మాటలు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. ఆయన పక్కన తాగి కడిగి బోర్లించిన టీ గ్లాసు అప్పటికే ఆరిపోయి ఉంది.

రేపటి నుంచి టీకి పాలు ఇంకొక గ్లాసు ఎక్కువ పోయమని మామగారికి చెప్పాను.